సుబ్బరత్నం గారి సూదుల డబ్బా

అశ్వారావుపేటలో ఏసయ్య అతికించిన తపాలా బిళ్ళ ఊడగా చూసినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆయన బిళ్ళలతో సింగారించిన టిఫిన్ క్యారియర్ ఒకటి ఓసారి భద్రాచలం రేవులో చెయ్యిజారి, గోదావరి వరదలో ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయిందట. లోపలి పప్పు పాచిపోయింది కాని పైన ఒక్క బిళ్ళ కూడా అంచు లేవలేదట. అక్కడి జాలరి ఒకడు ఆ బిళ్ళలు చూసి, ఇదేదో పెద్దింటి ఉత్తరం కాబోలనుకుని పోస్టాఫీసులో ఇస్తే, పోస్టు వాళ్ళు మూత మీద ఠపీమని ముద్ర కొట్టి తిరుగు బస్తాలో పంపించారట. ఈ సంగతి చెప్పింది ఏసయ్యే. వినేవాళ్ళెవరూ నమ్మరు. అలాగని మధ్యలో లేచి వెళ్ళిన వాళ్ళూ లేరు.

ఆయన చేసింది కండక్టరు ఉద్యోగం. కొత్తగూడెం నుంచి అడవి మధ్యగా వచ్చే బస్సులో ఆయన టికెట్లు కొట్టినన్నాళ్ళు ప్రయాణికులకు కునుకు పట్టలేదు. ఒక మలుపు దగ్గర పులి బస్సాపి ఫుట్‌బోర్డు ఎక్కిందని, సీటు ఖాళీ లేదని చూసుకుని మర్యాదగా దిగిపోయిందని చెప్పేవాడు. పులికి టికెట్ కొట్టావా అని ఎవరన్నా అడిగితే, "లోపలికి రాలేదు గద, ఎట్ల కొడ్త" అనేవాడు ముఖంలో నవ్వు కనపడనీయకుండా.

మాటలు ఎంత వంకరగా ఉన్నా ఆయన చెయ్యి మాత్రం నిక్కచ్చి. ఆ దారిలో జనం కండక్టరు చేతికి వస్తువులిచ్చి పంపడం మామూలు. పాల్వంచలో కొన్న మందులు ముందు ఊళ్ళోని తల్లికి, అమ్మ వండిన కూర దవాఖానాలో ఉన్న కొడుక్కి, మామిడి అంట్లు, పెళ్ళి చీరలు, ఒకసారైతే గంపలో కోడిపెట్ట. ఏసయ్య చేతిలో పెట్టినది ఏదీ దారి తప్పలేదు. అందుకే ఆయన రిటైరయి ఇంట్లో కూర్చున్నాక కూడా జనం వస్తువులు తెచ్చి ఆయన చేతిలో పెట్టడం మానలేదు. కాకపోతే ఇప్పుడు దొంగతనంగా తెచ్చి పెడుతున్నారు.

ఎందుకు దొంగతనంగా అంటే, అది ఏసయ్య పెట్టిన నియమం.

చిన్నతనంలో ఆయన సిస్టర్ల బడిలో, హాస్టల్లో ఉండి చదివాడు. సిస్టర్లకు ఎక్కడెక్కడి దేశాల నుంచో ఉత్తరాలు వచ్చేవి. ఆ కవర్ల మీది వాడిన బిళ్ళలన్నీ ఊడదీసి పంపితే వాటిని అమ్మి మిషన్ పనులకు వాడేవారు. శనివారం మధ్యాహ్నం పిల్లలంతా వరండాలో బేసిన్ల చుట్టూ కూర్చునేవారు. హాస్టల్ సిస్టర్ ఒక్కటే మాట చెప్పేది: బిళ్ళను గోటితో పీకకూడదు, నీళ్ళలో వదిలేయాలి, తనకు తోచినప్పుడు అదే కవరును విడిచి పైకి తేలుతుంది. మిగతా పిల్లలకు అది శిక్షలాగా ఉండేది. ఏసయ్యకు మాత్రం బేసిన్ నిండా ఏనుగులు, ఓడలు, రాణులు, రైలింజన్లు తేలుతుంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కాకపోయేది. ఒక్క బిళ్ళ జేబులో వేసుకున్నా పాపమేనని సిస్టర్ చెప్పింది. రెండు వేసుకుంటే ఎంత పాపమో చెప్పలేదు.

రిటైరయ్యాక ఆ బిళ్ళల పిచ్చి మళ్ళీ పట్టుకుంది. ఉత్తరాలు రాసేవాళ్ళు ఇప్పుడు లేరు కాబట్టి బిళ్ళల కోసం వేటాడాల్సి వచ్చింది. కొత్తగూడెం పాత కాగితాల దుకాణంలో ఆయనకు తెలియని గోనెసంచి లేదు. బిళ్ళలకు తోడు కాగితం కావాలి. అది పెళ్ళిపత్రికల నుంచి దొరికింది. భద్రాచలం చుట్టుపక్కల అచ్చయ్యే పెళ్ళిపత్రిక మీద సీతారాముల కల్యాణం బొమ్మ లేకుండా ఉండదు. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని చెత్తలో వెయ్యడానికి చేతులు రావు, దాచడానికి చోటుండదు. అందరిళ్ళలో బీరువాల మీద కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. ఏసయ్య వాటిని అడిగి తెచ్చుకునేవాడు. బంగారు అంచులు, నెమళ్ళు, మామిడి పిందెలు కత్తిరించుకుని, సీతారాముల మీద మాత్రం కత్తెర ఆననిచ్చేవాడు కాదు. ఆ ముక్కలన్నీ సంచిలో పోగేసి, భద్రాచలం వెళ్ళినప్పుడు గోదావరిలో వదిలి వచ్చేవాడు.

"ఆదివారం పూజకు పొమ్మంటె మోకాళ్ళ నొప్పులంటవు. రాములోరిని సాగనంపనీకె మాత్రం మొదటి బస్సు ఎక్కుతవు" అనేది భార్య ఇన్నమ్మ.

"రాములోరు నన్ను నమ్మి వచ్చిండు. మధ్యల దింపుతనా" అనేవాడు ఏసయ్య.

మొదటి బలి ఇన్నమ్మ కళ్ళజోడు డబ్బానే. ఓ క్రిస్మస్ ముందు దాన్ని ఎత్తుకుపోయి ఊళ్ళో మూతపడిన పాత బడి గదిలో దాచి పని మొదలుపెట్టాడు. ఆవిడ ఇల్లంతా తలకిందులు చేసింది. ఏసయ్య కూడా ఆవిడతో పాటు మంచం కింద పాకుతూ వెతికాడు, ఆవిడకంటే శ్రద్ధగా వెతికాడు. పండుగ పొద్దున పక్షుల బిళ్ళలతో మెరిసిపోతున్న డబ్బాను చేతిలో పెట్టినప్పుడు ఇన్నమ్మ ముందు తిట్టి, తర్వాత నవ్వి, ఆ తర్వాత దాన్ని పట్టుకుని వాడకట్టంతా తిరిగి చూపించింది. ఆ రోజు ఏసయ్యకు ఒక సిద్ధాంతం పుట్టింది.

"కొత్త వస్తువు మీద నేను అతికియ్య. రోజు చేతిల మెదిలే వస్తువే కావాలె, గది గూడ ఆ మనిషికి తెల్వకుండ తేవాలె" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "పోయినంక వెతకాలె. వెతికితెనే దాని మీద పానమెంతో తెలుస్తది. నేను అతికిచ్చేది సగమే. వెతుకులాటనే మిగిలిన సగం బహుమానం."

జనానికి ఇది బాగా నచ్చింది. కొడుకులు తండ్రుల టార్చిలైట్లు తెచ్చారు, కోడళ్ళు అత్తల వక్కల డబ్బాలు తెచ్చారు. బొగ్గుబాయిలో రిటైరయ్యే వాళ్ళ భార్యలు మొగుళ్ళ నీళ్ళ క్యాన్లు కొంగు చాటున తెచ్చారు. ఏసయ్య వాటిని గరుకు కాగితంతో రుద్ది, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పూసి, కింద కాగితం, పైన బిళ్ళలు పరిచేవాడు. ఆ పైన తపసి చెట్టు బంకను నానబెట్టిన నీళ్ళు పల్చగా పూసి ఆరబెట్టి, చివరికి వార్నిష్ వేసేవాడు. ఆ బంక మంగ్లి తెచ్చిచ్చేది. తండాలో ఆమె మేనమామ అడవిలో చెట్టుకు గాటు పెట్టి తీసేవాడు. మంగ్లి పని మాత్రం రావుగారింట్లో వంట, అంట్లు.

ఆ రావుగారు, అంటే వెంకటరామారావు, ఒక సాయంత్రం మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఇప్పుడు కంటికి ఆనినంత మేరా వాళ్ళ ఆయిల్‌పామ్ తోటే. మిల్లు మేనేజరుతో గెలల గురించి బల్ల గుద్ది మాట్లాడే మనిషి, ఏసయ్య వాకిట్లో మాత్రం ఎరువుల సంచి పొట్టకు అదుముకుని అటూ ఇటూ చూశాడు.

"ఎవరూ చూడలేదుగా ఏసయ్యా?"

"మీ బండి సప్పుడు మిల్లు దాంక ఇనపడ్డది రావుగారు. ఇంక సంచి దాసుకుంటె ఏం లాభం."

సంచిలోంచి బయటపడింది గుండ్రటి బిస్కెట్ల డబ్బా. అందులో బిస్కెట్లు తిన్నదెవరో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఎన్నో ఏళ్ళుగా అది రావుగారి భార్య సుబ్బరత్నం సూదుల డబ్బా. సూదులు, దారపు ఉండలు, తెగిన గుండీలు, పిన్నీసులు అందులోనే ఉంటాయి. మూత మీద బొమ్మ అరిగిపోయి కోటో ఓడో తెలియకుండా ఉంది.

"లోపలి సామానేదీ?"

"తువ్వాల్లో మూట కట్టి ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో పెట్టాను."

"అబ్బో. మీరు ఎప్పుడన్న దొంగతనం చేసిన్రా రావుగారు? చెయ్యి తిరిగినట్టే ఉన్నది."

"నవ్వకయ్యా. వచ్చేవారం మా పెళ్ళిరోజు. ఇన్నేళ్ళలో నేను దానికి చేత్తో ఇచ్చింది ఒక్కటీ లేదు. ఏదన్నా కొందామంటే నువ్వు తెచ్చింది బాగాలేదంటుంది, మార్చుకురమ్మంటుంది. ఇదైతే మార్చడానికి వీల్లేదుగా." ఆయన ఖాళీ సంచి మడుస్తూ, "వరిచేను బొమ్మ ఉన్న బిళ్ళేదన్నా ఉంటే మూత మధ్యలో పెట్టు. డెల్టా పిల్ల. ఈ అడవికి తెచ్చి పడేశానని ఇప్పటికీ అంటూ ఉంటుంది" అన్నాడు.

వరిచేను బిళ్ళ ఉంది. ఏసయ్యకు పని మీద హుషారు పుట్టింది. డబ్బా చుట్టూ ఆకుపచ్చ వరసలు, వాటి మధ్య కొంగలు, అంచుకు పెళ్ళిపత్రికల బంగారు తీగ. వారం మధ్యకు వచ్చేసరికి సగం అయింది.

ఇక్కడ ఏసయ్యకు ఉన్న ఇంకో అలవాటు చెప్పాలి. వెతుకులాట జరిగే ఇంటికి ఏదో వంకతో వెళ్ళి కాసేపు కూర్చుని చూడటం ఆయనకు సరదా. రావుగారింట్లో ఇంకా ఎవరికీ డబ్బా అవసరం పడలేదని తెలిసి ఆయనకు తోచలేదు. ఇన్నమ్మ కత్తెర తీసుకుని, తన చొక్కాకు బొడ్డు దగ్గరున్న గుండీని తనే కత్తిరించుకున్నాడు.

"ఏందయ్యా గిది?" అంది ఇన్నమ్మ.

"గుండీ ఊడింది."

"నా కండ్ల ముంగటనే కోసుకున్నవు గద."

"ఊడింది అని చెప్తున్న. నువ్వు గూడ గట్లనే చెప్పు."

చొక్కా మధ్యలో తెరుచుకుని ఉండగా రావుగారి అరుగెక్కి, "అమ్మా, మిల్లు దిక్కు పోతున్న. నడిమిట్ల గుండీ ఊడింది. ఒక్క సూది, ఇంత దారం ఉంటె ఇయ్యండి" అన్నాడు. సుబ్బరత్నం మనిషి కరుకే కాని పెట్టే చెయ్యి. ముందు మజ్జిగ ఇప్పించి, సూది కోసం లోపలికి వెళ్ళింది. అప్పుడు మొదలైంది. బీరువా పక్కన లేదు. మంచం కింద లేదు. "మంగ్లీ, నా సూదుల డబ్బా చూశావా?" అని కేక వినిపించింది. "లేదమ్మా, ఆడనే ఉండాలె గద" అంటూ మంగ్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రావుగారు పత్రిక మడిచి, మోటారు చూసి వస్తానని లేచాడు. కరెంటు పోయి అప్పటికి చాలాసేపయింది.

ఏసయ్య మజ్జిగ గుటక గుటకగా తాగుతూ, తలుపు సందులోంచి కనిపించినంత మేరా చూశాడు. ఇంటికొచ్చి ఆ ఆటంతా ఇన్నమ్మకు ఆడి చూపించాడు. సుబ్బరత్నం లాగా నడుం మీద చెయ్యి పెట్టి, రావుగారి లాగా గోడకు ఆనుకుని జారుకుంటూ. మంగ్లి వంతు వచ్చినప్పుడు మంచం కింద దూరి కాళ్ళు మాత్రం బయట కదిలించాడు. ఇన్నమ్మ వద్దు వద్దనుకుంటూనే నవ్వింది.

మర్నాడు పొద్దెక్కాక మంగ్లి బంక మూటతో వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె రావుగారి వంటింట్లో ఉండాలి.

"ఇయ్యాల పనికి పోలేదా బిడ్డా?" అన్నాడు ఏసయ్య కుంచె పక్కన పెట్టి.

"పోను కాకా. రావొద్దన్నరు."

"ఎందుకు?"

మంగ్లి మూట గడప మీద పెట్టి కూర్చుంది. "సూదుల డబ్బా పోయింది గద, నిన్న నువ్వున్నప్పుడే. దసరా అప్పుడు నేనే అడిగిన. అమ్మా, గీ డబ్బా పాతదైతె నాకియ్యండి, మా బిడ్డ గోరి కుట్టుపని అద్దాలు దారాలు పెట్టుకుంటదని. గది యాదికొచ్చింది అమ్మకు. పొద్దుగాల గేటు కాడ్నే ఆపింది. గెలలు కోసెటోళ్ళు అందరు ఉన్నరు. తీస్తే తీసినని చెప్పు మంగ్లీ, నేనేం అనను, ఒక డబ్బా కోసం నిన్నేం చేస్తాను అన్నది."

ఇన్నమ్మ బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టింది.

"తియ్యలేదన్న. అయితే డబ్బాకు కాళ్ళొచ్చినయా అన్నది. డబ్బా దొరికినంకనే రా అన్నది. ఆ గెలలు కోసెటోళ్ళల్ల సగం మంది మా తండావోళ్ళే కాకా. నేను ఇల్లు చేరకముందే మాట చేరింది. మా గోరి మొన్ననే మాస్టారింట్ల పనికి కుదిరింది. ఇయ్యాల ఆళ్ళు గూడ రేపట్నుంచి వద్దన్నరంట. ఎందుకని అడిగితె జెవాబు లేదు." ఆమె ఏడవడం లేదు. చీర అంచుకు అంటిన బంక పొడి దులుపుకుంటోంది. "గిన్నేండ్ల నుంచి ఆ ఇంట్ల ఉప్పు డబ్బా నుంచి ఉంగరం దాంక నా చేతుల మీదనే నడిచినయి. ఇప్పుడు ఏ ఇంటికి పోయి అడగాలె?"

ఏసయ్యకు ఎప్పుడూ మాటకు కరువు లేదు. ఎవరన్నా ముఖం వేలాడేసుకుని వస్తే, వాళ్ళు కూర్చునేలోగా ఏదో ఒక కథ నోటికి వచ్చేది. ఇప్పుడు కూడా నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. బల్ల మీద తడిగుడ్డ కప్పి ఉన్న గుండ్రటి వస్తువు వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోకి చూశాడు.

"నువ్వు చూపిస్తవా, నన్ను చూపియ్యమంటవా?" అంది ఇన్నమ్మ.

ఏసయ్య గుడ్డ తీశాడు.

మంగ్లి లేచి దగ్గరికి వచ్చింది. కొంగల్ని చూసింది, బంగారు తీగను చూసింది, ఇంకా ఏమీ అతికించని రెండో పక్కన గీరిన రేకును చూసింది.

"గిదేనా కాకా?"

"గిదే. రావుగారే తెచ్చి ఇచ్చిండు. పెళ్ళిరోజుకని."

"నిన్న నువ్వు సూది అడగనీకె వచ్చినప్పుడు గూడ ఇది నీ కాడ్నే ఉన్నదా?"

"అవ్."

"నేను మంచం కిందికి దూరి ఎతుకుతుంటె నువ్వు మజ్జిగ తాగుతున్నవు."

ఆమె గొంతు పెంచలేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. ఏసయ్యకు చొక్కాలో గుండీ లేని చోట గాలి తగిలినట్టయింది. ఇంతకాలం తన సిద్ధాంతంలో ఉన్న మనుషులిద్దరే, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ. ఇంట్లో వస్తువు పోతే ఇంటివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరని, బయటి నుంచి వచ్చి పనిచేసే మనిషి ముఖం చూస్తారని ఆయనకు తట్టలేదు. వక్కల డబ్బా పోయిన ఇళ్ళలో, టార్చిలైటు పోయిన ఇళ్ళలో ఎవరి ముఖం చూశారో, వాళ్ళు ఏం చెప్పుకున్నారో ఆయన ఒక్కనాడూ అడగలేదు.

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు. "నేను పోయి సూది అడగకపోతె ఆమె ఎతికేదే గాదు."

"తప్పెవరిదైతె నాకేంది. ఇప్పుడు ఏం చేస్తవు?"

ఏసయ్య రావుగారికి ఫోన్ చేసి, ఇన్నమ్మ స్పీకర్ పెట్టమంటే పెట్టాడు. అవతల ట్రాక్టరు చప్పుడు.

"నాకూ పొద్దున తెలిసిందయ్యా" అన్నాడు రావుగారు గొంతు తగ్గించి. "మనసు చివుక్కుమంది. కాని ఇప్పుడు చెప్తే మొత్తం చెడిపోతుంది. ఎల్లుండేగా పెళ్ళిరోజు. డబ్బా చేతిలో పెట్టగానే రత్నమే నవ్వేస్తుంది. మంగ్లిని నేనే పిలిపిస్తాను. రెండు రోజులు ఓపిక పట్టమను."

మంగ్లి ఫోన్ మీదికి వంగింది. "అయ్యా, ఎల్లుండి దాంక నేను దొంగనేనా?"

అవతల ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. ఫోన్ కట్టయింది.

"ఎల్లుండి లేదు, ఏం లేదు. ఇప్పుడే పోదాం" అన్నాడు ఏసయ్య. లేవగానే మళ్ళీ కండక్టరు అయిపోయాడు. "ఇన్నా, నా చెప్పులు. బిడ్డా, ముందు నడువు."

డబ్బాకు జిగురు ఇంకా తడిగా ఉంది. పైన ఎక్కడ పట్టుకున్నా కొంగల రెక్కలు చెదిరిపోతాయి. అందుకని పిడికిలి లోపలికి దూర్చి, దీపం పట్టుకున్నట్టు ఎత్తి పట్టుకుని ఆటో ఎక్కాడు. ఆటోలో ఉన్న ఇద్దరు అదేమిటని అడిగారు. మామూలుగా అయితే ఆ ప్రశ్నకు మిల్లు దాకా సరిపడే జవాబు వచ్చేది. "ఒకళ్ళ డబ్బా. తిరిగి ఇయ్యనీకె పోతున్న" అన్నాడు. వాళ్ళకు ఆ జవాబు నచ్చలేదు.

రావుగారి గేటు దగ్గర ట్రాలీలోకి గెలలు ఎత్తుతున్నారు. మంగ్లిని చూసి ఒకరిద్దరు చేతులాపారు. మంగ్లి గేటు బయటే నిలబడింది. ఏసయ్య లోపలికి నడిచి, అరుగు మీద కూర్చుని ఉన్న సుబ్బరత్నం ముందు డబ్బా పెట్టాడు.

"అమ్మా, మీ సూదుల డబ్బా. ఇది మా ఇంట్ల ఉన్నది. నిన్న మీరు ఎతుకుతున్నప్పుడు గూడ మా ఇంట్లనే ఉన్నది. తెలిసి తెలిసి నేను సూది అడిగిన."

సుబ్బరత్నం కళ్ళజోడు సర్దుకుని డబ్బాను చూసింది. "ఇదేంటి? నా డబ్బా మీద ఈ కొంగలేంటి? నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

తోటవైపు నుంచి రావుగారు గబగబా వచ్చాడు. భుజాన మూట కట్టిన తువ్వాలు ఉంది. అందులో పిన్నీసులు గలగలమంటున్నాయి. "నేనే తీశాను రత్నం" అన్నాడు. "పెళ్ళిరోజుకని. ఏసయ్యను చేసిపెట్టమన్నాను."

ఆవిడ మొగుణ్ణి, మూటను, డబ్బాను మార్చి మార్చి చూసింది. పెదవి చివర నవ్వు కదలబోయింది. అంతలో గేటు బయట ఉన్న మనిషి కనిపించింది. నవ్వు ఆగిపోయింది.

"పొద్దున నేను మంగ్లిని అంటున్నప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"విన్నారు."

రావుగారు తువ్వాలు రెండో భుజానికి మార్చుకున్నాడు.

సుబ్బరత్నం గొంతు మామూలుగా పెట్టి పిలిచింది. "సరేలే మంగ్లీ, దొరికిందిగా. లోపలికి రా. పొద్దుటి అంట్లు అలాగే ఉన్నాయి."

మంగ్లి కదలలేదు. "నన్ను గేటు కాడ అన్నరు అమ్మా. ఆ మాటకే మాస్టారింట్ల మా గోరిని గూడ పనికి వద్దన్నరు. గేటు కాడ్నే చెప్పాలె."

గెలలు ఎత్తేవాళ్ళు ఇప్పుడు అందరూ ఆగిపోయారు. పనిచేస్తున్నట్టు నటించడం కూడా మానేశారు. ఏసయ్య నాలుక చివర ఒక కథ వచ్చి నిలబడింది. రెండు ముక్కలు చెప్తే అందరూ నవ్వుతారు, ఈ బిగువు సడలుతుంది, అంతా సర్దుకుంటుంది. కండక్టరుగా ఎన్ని తగువులు అలా చల్లార్చాడో. కాని నవ్వితే సర్దుకునేది సుబ్బరత్నానికే, మంగ్లికి కాదు. ఆ సంగతి తెలిసి నోరు మూసుకున్నాడు. అది ఆయనకు పులి ఎదురైనదానికంటే కష్టమైన పని.

సుబ్బరత్నం లేచింది. చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, గేటు దాకా నడిచింది. ట్రాలీ వైపు తిరిగి, పొద్దున ఎంత గట్టిగా మాట్లాడిందో అంత గట్టిగానే మాట్లాడింది.

"అందరూ వినండి. పొద్దున ఇక్కడే మంగ్లిని డబ్బా తీశావని అన్నాను. డబ్బా తీసింది మా ఆయన. మంగ్లి తియ్యలేదు. చూడకుండా అన్నాను, అది నాదే తప్పు. తండాలో కూడా ఇదే చెప్పండి." మంగ్లి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మాస్టారింటికి నేనే వెళ్తాను, గోరి సంగతి చెప్పడానికి. సాయంత్రం కాదు, ఇప్పుడే."

మంగ్లి తలూపింది. "మంచిదమ్మా."

"మరి లోపలికి రా."

"రేపట్నుంచి వస్త. ఇయ్యాల రాను."

సుబ్బరత్నం మొగుడి వైపు తిరిగింది. "విన్నారుగా. అంట్లు పెరట్లో ఉన్నాయి. పీచు కుళాయి దగ్గరుంటుంది."

ట్రాలీ దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక గెల వెనక తల దాచుకున్నారు. రావుగారు పిన్నీసుల మూట అరుగు మీద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు.

డబ్బా మాత్రం సగంలోనే ఆగింది. ఏసయ్య తీసుకెళ్ళి పూర్తి చేసి తెస్తానంటే సుబ్బరత్నం ఒప్పుకోలేదు. "ఇది మళ్ళీ నా గడప దాటడానికి వీల్లేదు" అంది. దాంతో మర్నాడు ఏసయ్యే జిగురు గిన్నె, కుంచె, బిళ్ళల కట్ట మోసుకుని వాళ్ళ అరుగు మీదికి వెళ్ళాల్సి వచ్చింది. అందరూ చూస్తుండగా అతికించడం ఆయనకు మొదటిసారి. సుబ్బరత్నం పక్కనే కూర్చుని, కొంగ వంకరగా ఉంది, తీగ సన్నంగా ఉంది అని వంకలు పెట్టింది. మంగ్లి బియ్యం కడుగుతూ వచ్చి చూసి, మూత మధ్యలో వరిచేను బిళ్ళ ఇంకొంచెం పైకి జరపమంది. జరిపితే నిజంగానే బాగుంది. సుబ్బరత్నం కూడా వంక పెట్టలేదు. పెళ్ళిరోజున ఆ ఇంట్లో ఆశ్చర్యపోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. అయినా వచ్చిన చుట్టాలందరికీ సుబ్బరత్నం డబ్బా చూపిస్తూ, కథ మొదటి నుంచీ తనే చెప్పింది. తన తప్పు దగ్గరికి వచ్చినప్పుడు కూడా దాటవేయలేదని మంగ్లి వచ్చి ఇన్నమ్మకు చెప్పింది.

ఆ తర్వాత ఏసయ్య నియమం మారింది. వస్తువు ఇప్పటికీ పాతదే కావాలి, చెప్పకుండానే తేవాలి. అయితే తెచ్చినవాళ్ళను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాడు.

మొన్న సత్తుపల్లి రోడ్డులోని మందుల షాపాయన తన భార్య ఆవకాయ జాడీని తెచ్చాడు. జాడీ చాలా బాగుంది, మూతకు గుడ్డ కట్టిన పాత పింగాణీది. ఏసయ్యకు చూడగానే చేతులు దురద పెట్టాయి. అయినా ముట్టుకోలేదు.

"మీ ఇంట్ల పనికి ఎవరొస్తరు?"

"ప్రమీల. ఎందుకండీ?"

"జాడి మీరు తెచ్చిన సంగతి ఆమెకు ఎరుకనా?"

"పనిమనిషికి చెప్తే రహస్యం ఆగుతుందా?"

"ఆగదనిపిస్తే జాడి తీసుకపోండి" అన్నాడు ఏసయ్య. "ఆమెకు చెప్పి, ఆమె సరేనంటెనే తేవాలె. గట్లయితెనే ముట్టుకుంట."

షాపాయన ముఖం ముడుచుకుని జాడీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకుంది ఇన్నమ్మ. సాయంత్రానికి జాడీ తిరిగి వచ్చింది, ఆయన చేతిలో కాదు. గేటు తీసుకుని ఒక నడివయసు మనిషి, కొంగు బొడ్లో దోపి, జాడీ చంకన పెట్టుకుని నడిచి వచ్చింది.

"నేను ప్రమీలను. సారుకు దొంగతనం చేతకాదు తాతా, దొడ్లో గోడ దూకబోయి పంచె చింపుకున్నడు" అంది జాడీ ఏసయ్య చేతిలో పెడుతూ. "పచ్చడి వేరే దాంట్ల మార్చి, అమ్మ ఎతకని చోట పెట్టిన. ఎతికినప్పుడు నేను గూడ ఎతుకుత. జల్దీ చెయ్యి, నాకు నవ్వాగదు."